దాక్కున్న రికవరీ పార్టిషన్లు: 1 టీబీ డిస్కు మీద ప్రాజెక్టు డైరీ

పనికి ముందు ఉన్న పరిస్థితి

పాత ల్యాప్‌టాప్. 1 టీబీ తిరిగే డిస్కు, 8 జీబీ ర్యామ్, విండోస్ 10 22హెచ్2. ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించేవి సీ, డీ రెండే. ఇబ్బందులు రెండు. రికవరీకి చెందిన అప్‌డేట్ ప్రతిసారీ 0ఎక్స్80070643 అని చూపించి ఆగిపోతోంది. సీ నిండిపోతోంది, డీలో బోలెడు ఖాళీ ఉంది, అయినా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ నొక్కడానికే వీల్లేకుండా బూడిద రంగులో ఉంది. మొదటిదానికి కారణం, రెండోదానికి ఉన్న అడ్డాల్లో ఒకటి: డ్రైవ్ లెటర్ లేని, కంటికి కనబడని రికవరీ పార్టిషన్లు, అంటే విండోస్ పాడైతే బాగుచేసుకోవడానికి పక్కన పెట్టిన డిస్కు ముక్కలు.

ఒక మాట. కింది ఆదేశాలన్నీ పలికే తీరులో తెలుగులో రాశాం. టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లో. ‘రీఏజెంట్‌సీ’ అంటే రీ, ఏజెంట్, చివర సీ అక్షరం, మూడూ ఖాళీ లేకుండా కలిపి. అన్నీ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లోనే పనిచేస్తాయి.

మొదటి రోజు: ఏది ఎక్కడుంది

డిస్క్ మేనేజ్‌మెంట్ ఆరు పార్టిషన్లు చూపించింది. అదే డిస్కును డిస్క్‌పార్ట్ అనే ఆదేశాల పరికరంలో చూస్తే ఏడు. ఆ తేడా ఎమ్మెస్సార్ అనే 16 ఎంబీ ముక్కది. మైక్రోసాఫ్ట్ రిజర్వ్‌డ్ పార్టిషన్ అది. డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని అసలు చూపించదు. కాబట్టి లెక్క ఎప్పుడూ డిస్క్‌పార్ట్‌తోనే తీయాలి:

డిస్క్‌పార్ట్
లిస్ట్ డిస్క్
సెలెక్ట్ డిస్క్ 0
లిస్ట్ పార్టిషన్

‘లిస్ట్ డిస్క్’ పట్టికలో చివరి గడి జీపీటీ. అందులో నక్షత్రం గుర్తు ఉంటే డిస్కు పార్టిషన్ల పట్టిక జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఉన్నట్టు, లేకపోతే ఎంబీఆర్ అనే పాత పద్ధతి. చిన్న గుర్తే గానీ, దీన్ని చూడకుండా ముందుకెళ్తే తర్వాత ఇచ్చే పార్టిషన్ రకం ఐడీ తప్పుతుంది. ఇక్కడ నక్షత్రం ఉంది.

డిస్కు మొదటి నుంచి చివరి వరకు వచ్చిన వరుస ఇది: 1. రికవరీ, 499 ఎంబీ. 2. సిస్టమ్, అంటే బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ, 100 ఎంబీ. 3. రిజర్వ్‌డ్, 16 ఎంబీ. 4. సీ, 200 జీబీ. 5. రికవరీ, 530 ఎంబీ. 6. డీ, 716 జీబీ. 7. రికవరీ, 14 జీబీ.

పేరు ఒకటే అయినా ఈ మూడు ‘రికవరీ’ల పుట్టుక వేరు. మొదటి 499 ఎంబీ, పాత విండోస్ 10 ఎక్కించినప్పుడు ఇన్‌స్టాలర్ తనంతట తాను డిస్కు తలదగ్గర చేసుకున్నది. అప్పట్లో విండోస్ రికవరీకి ఆ చోటే ఇచ్చేది. విండోస్ 10లో 2004 అనే వెర్షన్ (సంవత్సరం కాదు) నుంచి సీ తర్వాత పెట్టడం మొదలైంది. ఆ తర్వాత పెద్ద అప్‌గ్రేడ్ ఒకటి వచ్చినప్పుడు కొత్త రికవరీ ఇమేజ్ 499 ఎంబీలో పట్టలేదు. అలాంటప్పుడు విండోస్ ఎవరినీ అడగదు. సీ తోకను కాస్త కత్తిరించి అక్కడ కొత్త పార్టిషన్ పెట్టుకుంటుంది. అదే ఐదోది. చివరి 14 జీబీ ల్యాప్‌టాప్ తయారీ కంపెనీది. కొన్ననాడు ఉన్న విండోస్, డ్రైవర్లు, కంపెనీ సాఫ్ట్‌వేర్ అందులో ఉంటాయి. ఫార్మాట్ కొట్టి సీ, డీలుగా విడగొట్టినవాళ్లు దాన్ని తాకకుండా వదిలేశారు.

విండోస్ 10లో ‘రికవరీ పార్టిషన్’ అనగానే అందులో విండోస్ మొత్తం భద్రంగా ఉందని చాలామంది అనుకుంటారు. లేదు. 499, 530 ఎంబీ ముక్కల్లో ఉండేది విన్ఆర్ఈ అనే చిన్న రిపేరు వాతావరణం మాత్రమే: విన్ఆర్ఈ డాట్ విమ్ అనే ఒక ఫైలు, దాన్ని ర్యామ్‌లోకి ఎక్కించడానికి బూట్ డాట్ ఎస్‌డీఐ, ఆనవాళ్లు రాసుకున్న రీఏజెంట్ డాట్ ఎక్స్‌ఎంఎల్. ‘రీసెట్ దిస్ పీసీ’ నొక్కినప్పుడు విండోస్‌ను మళ్లీ కట్టేది సీలోనే ఉన్న సిస్టమ్ ఫైళ్ల నుంచి. క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకుంటే మైక్రోసాఫ్ట్ సర్వర్ల నుంచి, దానికి 4 జీబీకి పైగా డేటా ఖర్చవుతుంది. మన ఫొటోలు, ఫైళ్లు మాత్రం ఈ మూడింటిలో ఎక్కడా ఉండవు.

ఇప్పుడు అసలు ప్రశ్న: మూడింటిలో విండోస్ వాడుతున్నది ఏది?

రీఏజెంట్‌సీ /ఇన్ఫో

జవాబులో రెండు వరుసలు చూడాలి. స్టేటస్ ‘ఎనేబుల్డ్’ అని ఉంది. లొకేషన్ వరుస చివర్న ‘హార్డ్‌డిస్క్0\పార్టిషన్5\రికవరీ\విండోస్ఆర్ఈ’ అని ఉంది. అంటే బతికున్నది ఐదోది. మొదటిది పాత విమ్ ఫైలును మోస్తూ ఊరికే పడి ఉంది. సైజు చూసో, చోటు చూసో ‘ఇదే అయ్యుంటుంది’ అని ఊహించడం ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదం. ఇదే తరహా ఇంకో మిషన్‌లో వాడుకలో ఉన్నది మొదటిది కావచ్చు.

ఐదోదానికి తాత్కాలికంగా లెటర్ ఇచ్చి లోపల చూశాం:

సెలెక్ట్ పార్టిషన్ 5
అసైన్ లెటర్=ఆర్

బయటికొచ్చి ‘డిర్ /ఏ /ఎస్ ఆర్:\’ కొడితే విన్ఆర్ఈ డాట్ విమ్ 462 ఎంబీ. ఎన్‌టీఎఫ్‌ఎస్ సొంత లెక్కలు పోను మిగిలిన ఖాళీ సుమారు 50 ఎంబీ. అప్‌డేట్ ఎందుకు ఎక్కడం లేదో ఇక్కడే తేలింది. విన్ఆర్ఈని మార్చే అప్‌డేట్‌కు ఆ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాలి. 2024 జనవరి 9న విండోస్ 10కి వచ్చిన కేబీ5034441తో ఈ సంగతి లోకానికంతా తెలిసింది. విండోస్ డిస్కు ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్‌ను దాటిపోయే సీవీఈ-2024-20666 అనే లోపాన్ని విన్ఆర్ఈలో పూడ్చడానికి వచ్చిన అప్‌డేట్ అది. చోటు చాలనప్పుడు ‘చోటు చాలదు’ అనకుండా 0ఎక్స్80070643 అనే సాధారణ ఇన్‌స్టాల్ వైఫల్యం సంఖ్య చూపిస్తుందని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. ఆ సంఖ్యను వెతుక్కుంటూ డాట్‌నెట్ రిపేర్లు, సిస్టమ్ ఫైల్ చెకర్లు నడిపినవాళ్లు ఎందరో. వాటికీ దీనికీ సంబంధం లేదు.

చూడటం అయ్యాక ‘రిమూవ్ లెటర్=ఆర్’. ఇది మరవకూడదు.

రెండో రోజు: పోయినా తిరిగి తెచ్చుకునేలా

ముందు డిస్కు ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే డిస్కు పరీక్ష సాఫ్ట్‌వేర్‌లో 05 (రీఅలొకేటెడ్ సెక్టార్లు), సీ5 (పెండింగ్ సెక్టార్లు) రెండింటి ముడి విలువ సున్నా. సీ5 సున్నా కాకపోతే పార్టిషన్ పని అక్కడే ఆపి, డేటా బయటికి తీసి, డిస్కు మార్చడమే దారి. చదవలేని సెక్టారు మీదుగా ఫైళ్లు జరుపుతున్నప్పుడు ష్రింక్ (పార్టిషన్‌ను తగ్గించడం) మధ్యలో ఆగితే అంత చిరాకు మరొకటి లేదు.

తర్వాత సీ, డీల్లోని ముఖ్యమైన ఫోల్డర్లు బయటి డిస్కుకి. అది అయ్యాక లినక్స్ లైవ్ యూఎస్‌బీతో (డిస్కులో ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) బూట్ చేసి పార్టిషన్ పట్టికను విడిగా దాచాం:

ఎస్‌జీడిస్క్ --బ్యాకప్=పట్టిక.బిన్ /డెవ్/ఎస్‌డీఏ

వచ్చే ఫైలు 17,920 బైట్లు. చేతిలో ఇమిడేంత చిన్నది, కానీ ఏ పార్టిషన్ ఏ సెక్టారులో మొదలై ఎక్కడ ముగుస్తుందో, దాని రకం ఏమిటో అంతా ఇందులో ఉంటుంది. పొరపాటున ఏదైనా చెరిపేసి, ఆ చోట కొత్తగా ఏమీ రాయకపోతే, ‘--లోడ్-బ్యాకప్’తో పట్టికను వెనక్కి తేవచ్చు. ఈ ఫైలు లేనివాళ్లకు టెస్ట్‌డిస్క్ ఉంది. అది డిస్కంతా వెతికి పోయిన పార్టిషన్ల ఆనవాళ్లు పట్టుకుంటుంది, కానీ గంటలు పడుతుంది.

అదే లైవ్ యూఎస్‌బీలో ఇంకో చూపు:

హెచ్‌డీపార్మ్ -ఎన్ /డెవ్/ఎస్‌డీఏ

ఇక్కడ ఎన్ పెద్దక్షరం. చిన్నక్షరమైతే వేరే ఆప్షన్ అవుతుంది. ఎందుకీ చూపు? పార్టిషన్ పట్టికకే కనబడకుండా డిస్కు చివర్న కొంత భాగాన్ని దాచే పద్ధతి ఒకటుంది, హెచ్‌పీఏ అంటారు. ఐబీఎం పాత థింక్‌ప్యాడ్లలో రికవరీని ఇలాగే దాచేవారు. దీంట్లో ఉన్నది డిస్క్‌పార్ట్‌కు తెలియదు, ఫార్మాట్‌కూ తెలియదు. ఇక్కడ జవాబు 1953525168/1953525168, హెచ్‌పీఏ లేదు. రెండు సంఖ్యలూ సమానమైతే దాచిందేమీ లేనట్టు. దాన్ని 512తో గుణిస్తే 1,000,204,886,016 బైట్లు, అంటే విండోస్ చూపించే 931 జీబీ. అట్ట మీద 1 టీబీ అని ఉంటే మిగతా 69 ఎక్కడికి పోయాయి, ఎవరైనా దాచారా అని అడిగేవాళ్లకు ఇదే సమాధానం: ఎవరూ దాచలేదు, వెయ్యితో లెక్కకీ 1024తో లెక్కకీ ఉన్న తేడా అంతే.

విండోస్‌లోకి తిరిగొచ్చాక రికవరీ యూఎస్‌బీ. స్టార్ట్‌లో ‘రికవరీ డ్రైవ్’ అని వెతికితే పరికరం వస్తుంది. 16 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టి, సిస్టమ్ ఫైళ్ల బ్యాకప్ టిక్కు ఉంచి వదిలేశాం. తిరిగే డిస్కు కాబట్టి గంట దాటింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, చూసుకోవాలి.

చివరగా బిట్‌లాకర్. ‘మేనేజ్-బీడీఈ -స్టేటస్ సీ:’ కొడితే రక్షణ ఆఫ్ అని వచ్చింది. ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ చేతిలో పెట్టుకుని, ‘మేనేజ్-బీడీఈ -ప్రొటెక్టర్స్ -డిజేబుల్ సీ:’తో తాత్కాలికంగా నిలిపాకే ముందుకెళ్లాలి. హోమ్ ఎడిషన్‌లో కూడా ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ పేరుతో ఇది ఆన్‌లో ఉండొచ్చు. మాకు బిట్‌లాకర్ లేదనుకుని దూకినవాళ్లు తర్వాతి బూట్‌లో నీలి తెర మీద 48 అంకెల గడుల ముందు కూర్చోవాల్సి వస్తుంది.

మూడో రోజు: ఐదో పార్టిషన్‌ను పెంచడం

రికవరీ పార్టిషన్‌ను ఉన్నచోట సాగదీయడం విండోస్‌తో కాదు, దాని కుడివైపు డీ ఉంది. పద్ధతి ఇది: ఎడమవైపు సీని కాస్త తగ్గించి, ఐదోదాన్ని చెరిపి, రెండు ఖాళీలూ కలిసిన చోట కొత్తది కట్టడం. మైక్రోసాఫ్ట్ సూచన సీ నుంచి 250 ఎంబీ తగ్గించమని. మేం 500 తీసుకున్నాం. విన్ఆర్ఈ ఏటేటా ఉబ్బుతోంది, ఇంకో ఏడాదికి ఇదే పని మళ్లీ చేయడంలో అర్థం లేదు.

మొదట:

రీఏజెంట్‌సీ /డిజేబుల్

ఈ ఆదేశం విన్ఆర్ఈని ఆపడమే కాదు, విన్ఆర్ఈ డాట్ విమ్ ఫైలును పార్టిషన్ నుంచి తీసుకొచ్చి సీ:\విండోస్\సిస్టమ్32\రికవరీ ఫోల్డర్‌లో పెడుతుంది. పెట్టిందో లేదో కళ్లతో చూడకుండా ముందుకు పోవద్దు:

డిర్ /ఏ సీ:\విండోస్\సిస్టమ్32\రికవరీ

/ఏ లేకపోతే ఫైలు కనబడదు, అది హిడెన్, సిస్టమ్ గుర్తులు రెండూ ఉన్న ఫైలు. ఇక్కడ 462 ఎంబీ పరిమాణంతో కనిపించింది. ఈ పని మొత్తానికి గుండెకాయ ఈ ఒక్క చూపు. ఫైలు ఇక్కడ లేకుండా పార్టిషన్ చెరిపేస్తే, చివర్లో ‘విండోస్ ఆర్ఈ ఇమేజ్ దొరకలేదు’ అన్న ఎర్రర్‌తో రీఏజెంట్‌సీ చేతులెత్తేస్తుంది. భద్రత కోసం దీని నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో కూడా వేశాం.

అలా పోగొట్టుకున్నవాళ్లకు దారి ఉంది. అదే వెర్షన్ విండోస్ ఐఎస్‌ఓను మౌంట్ చేసి, సోర్సెస్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాల్ డాట్ విమ్‌ను డిజమ్ అనే విండోస్ పరికరంతో చదవడానికి మాత్రమే తెరవాలి:

డిజమ్ /మౌంట్-ఇమేజ్ /ఇమేజ్‌ఫైల్:ఈ:\సోర్సెస్\ఇన్‌స్టాల్.విమ్ /ఇండెక్స్:1 /మౌంట్‌డిర్:సీ:\మౌంట్ /రీడ్ఓన్లీ

లోపల విండోస్\సిస్టమ్32\రికవరీలో విన్ఆర్ఈ డాట్ విమ్ ఉంటుంది. అక్కణ్నుంచి కాపీ చేసి, ‘/అన్‌మౌంట్-ఇమేజ్’ను ‘/డిస్కార్డ్’తో ముగించాలి. ఐఎస్‌ఓలో ఇన్‌స్టాల్ డాట్ ఈఎస్‌డీ ఉంటే అది నేరుగా మౌంట్ కాదు, ముందు ‘/ఎక్స్‌పోర్ట్-ఇమేజ్’తో విమ్‌గా మార్చాలి.

ష్రింక్‌కు ముందు ‘పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్’తో హైబర్నేషన్ ఆపాం. హైబర్నేషన్ ఫైలు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది. 8 జీబీకి అది 3.2 జీబీ. పైగా అది కదలని ఫైలు, ష్రింక్‌కు అడ్డం పడేవాటిలో మొదటి వరసలో ఉంటుంది. ఆపేయగానే సీకి 3 జీబీ పైగా వెనక్కొచ్చింది. తీసుకోబోయే 500 ఎంబీకి ఆరింతలు.

ఆపై డిస్క్‌పార్ట్:

సెలెక్ట్ డిస్క్ 0
సెలెక్ట్ పార్టిషన్ 4
ష్రింక్ డిజైర్డ్=500 మినిమమ్=500

తిరిగే డిస్కు మీద ఇది నిమిషాలు తీసుకుంటుంది. లైటు ఆగకుండా వెలుగుతూ, డిస్కు లోపల గరగరమంటూ ఉంటే పని జరుగుతున్నట్టే. ‘ఆగిపోయిందేమో’ అని కిటికీ మూసేయకూడదు. ల్యాప్‌టాప్ ఛార్జర్‌కు తగిలించి ఉండాలి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా, కరెంటు పోయే వేళ చూసి ఈ పని పెట్టుకోవద్దు. చోటు ఉన్నా ష్రింక్ కాదంటే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి 259 సంఖ్య ఉన్న ఈవెంట్ చూడాలి. కదలని ఫైలు ఏదో పేరుతో సహా అందులో ఉంటుంది. పేజ్‌ఫైల్ అయితే దాన్ని తాత్కాలికంగా ఆపి రీస్టార్ట్, రిస్టోర్ పాయింట్లైతే సిస్టమ్ ప్రొటెక్షన్ కాసేపు ఆఫ్.

ష్రింక్ అయింది. తర్వాత:

సెలెక్ట్ పార్టిషన్ 5
డీటెయిల్ పార్టిషన్

డీటెయిల్ అడగడం అలవాటుగా పెట్టుకోవాలి. ఎంచుకున్నది నిజంగా 530 ఎంబీదేనా, టైప్ సంఖ్య డీఈ94తో మొదలవుతోందా? రెండూ సరిపోయాకే:

డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్

‘ఓవర్‌రైడ్’ లేకపోతే ఇది రక్షిత పార్టిషన్ అని డిస్క్‌పార్ట్ నిరాకరిస్తుంది. ఆ మాట చేర్చాక మళ్లీ అడగదు, ఎంటర్ నొక్కిన క్షణంలో అయిపోతుంది. అక్కడ 5 బదులు 6 ఉండి ఉంటే 716 జీబీ డీ పోయేది.

క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ ఐడీ=డీఈ94బీబీఏ4-06డీ1-4డీ40-ఏ16ఏ-బీఎఫ్‌డీ50179డీ6ఏసీ
జీపీటీ ఆట్రిబ్యూట్స్=0ఎక్స్8000000000000001
ఫార్మాట్ క్విక్ ఎఫ్‌ఎస్=ఎన్‌టీఎఫ్‌ఎస్ లేబుల్="విండోస్ ఆర్ఈ టూల్స్"

ఐడీ ఈ పార్టిషన్ రికవరీ రకం అని చెబుతుంది. ఆట్రిబ్యూట్ సంఖ్య 8, ఆపై 14 సున్నాలు, చివర 1. ముందున్న 8 ‘లెటర్ ఇవ్వొద్దు’ అని, చివరి 1 ‘మిషన్‌కు ఇది తప్పనిసరి, చెరపనివ్వొద్దు’ అని.

మొదటి ప్రయత్నంలో ఈ ఆట్రిబ్యూట్ వరుస తప్పిపోయింది. రీస్టార్ట్ తర్వాత ఎక్స్‌ప్లోరర్‌లో 1 జీబీ కొత్త డ్రైవు ప్రత్యక్షమైంది. పని ఆగదు, విన్ఆర్ఈ నడుస్తుంది. కానీ అలా కనబడుతుంటే ఎవరో ఒకరు అందులో ఫైళ్లు వేస్తారు, లేదా ‘ఇదేంటో’ అని రెండు క్లిక్కుల్లో చెరిపేస్తారు. సరిదిద్దడానికి మళ్లీ చెరపనక్కర్లేదు: పార్టిషన్‌ను ఎంచుకుని ఆట్రిబ్యూట్ వరుస ఇచ్చి, వచ్చిన లెటర్‌ను ‘రిమూవ్’ చేస్తే చాలు.

డిస్కు ఎంబీఆర్ అయితే ఐడీ చోట 27 అని రెండంకెలు మాత్రమే, ఆట్రిబ్యూట్ వరుసే ఉండదు. ఎంబీఆర్‌లో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే పడతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

డిస్క్‌పార్ట్ నుంచి బయటికొచ్చి:

రీఏజెంట్‌సీ /ఎనేబుల్
రీఏజెంట్‌సీ /ఇన్ఫో

ఎనేబుల్డ్, పార్టిషన్5. పరిమాణం 1030 ఎంబీ, ఖాళీ సుమారు 550. ఎనేబుల్ చేశాక కూడా ఇన్ఫోలో సీ సంఖ్య (ఇక్కడైతే 4) కనిపిస్తే, విండోస్‌కు కొత్త పార్టిషన్ నచ్చక విన్ఆర్ఈని సీలోనే పెట్టుకున్నట్టు. ఎక్కువసార్లు ఐడీలో తప్పే కారణం. మళ్లీ డిజేబుల్, డీటెయిల్‌లో టైప్ సరిచూడటం, ‘సెట్ ఐడీ=’తో దిద్దడం, ఎనేబుల్. అప్పటికీ వినకపోతే లెటర్ ఇచ్చి, ఆర్:\రికవరీ\విండోస్ఆర్ఈ ఫోల్డర్ చేసి, విమ్ ఫైలు చేత్తో కాపీ చేసి ‘రీఏజెంట్‌సీ /సెట్ఆర్ఈఇమేజ్ /పాత్ ఆర్:\రికవరీ\విండోస్ఆర్ఈ’ అని దారి చూపించాలి.

అప్‌డేట్ మళ్లీ నడిపితే ఈసారి ఎర్రర్ లేకుండా ఎక్కింది.

నాలుగో రోజు: నిజంగా లేస్తుందా

‘ఎనేబుల్డ్’ అన్న మాట చాలదు. బూట్ అయి చూడాలి.

రీఏజెంట్‌సీ /బూట్‌టుఆర్ఈ
షట్‌డౌన్ /ఆర్ /టీ 0

నీలి తెర వచ్చింది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్. అక్కడ ప్రాంప్ట్ ఎక్స్: అని మొదలవుతుంది, అది ర్యామ్‌లో ఎక్కిన విన్ఆర్ఈ, డిస్కు కాదు. ఇక్కడ లెటర్లు మారిపోయి ఉండొచ్చు, మన సీ ఇంకో అక్షరంతో కనబడవచ్చు. అందుకే ఇక్కడ ఏ ఆదేశమైనా ఇచ్చేముందు డిస్క్‌పార్ట్‌లో ‘లిస్ట్ వాల్యూమ్’తో ఏది ఏదో చూడాలి. కీబోర్డు, టచ్‌ప్యాడ్ పనిచేశాయి. ‘రీసెట్’ పేజీ దాకా వెళ్లి వెనక్కొచ్చాం.

ఐదో రోజు: కంపెనీ వారి 14 జీబీ

దీన్ని చెరపాలా వద్దా అన్నదాని మీద వాదన ఎప్పుడూ ఉండేదే. చెరిపితే వచ్చేది 931లో 14, ఒకటిన్నర శాతం. పోయేది కంపెనీ మీట: హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్‌తో ఎఫ్10, ఆసుస్‌లో ఎఫ్9 లాంటివి. 120 జీబీ ఎస్‌ఎస్‌డీ అయితే 14 పెద్ద సంఖ్యే, 1 టీబీలో కాదు. విండోస్ లైసెన్సు పోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. విండోస్ 8 నుంచి కంపెనీ మిషన్ల కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో ఎంఎస్‌డీఎం అనే పట్టికలో ఉంటుంది, డిస్కులో కాదు. డిస్కు మొత్తం మార్చినా అదే ఎడిషన్ ఎక్కిస్తే తనంతట తాను యాక్టివేట్ అవుతుంది.

ముందు నకలు. ఏడోదానికి ఆర్ లెటర్ ఇచ్చి:

డిజమ్ /క్యాప్చర్-ఇమేజ్ /ఇమేజ్‌ఫైల్:ఎఫ్:\కంపెనీ.విమ్ /క్యాప్చర్‌డిర్:ఆర్:\ /నేమ్:"కంపెనీ"

లోపల ఉన్నవి ముందే కుదించిన ఫైళ్లు, కాబట్టి నకలు కూడా దాదాపు అంతే బరువు వస్తుంది. ఎఫ్ డ్రైవు ఎఫ్‌ఏటీ32 అయితే 4 జీబీ దగ్గర ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ ఉండాలి. అయ్యాక ‘డిజమ్ /గెట్-ఇమేజ్‌ఇన్ఫో’తో ఫైలు తెరుచుకుంటోందో లేదో చూశాం.

నకలు బయటి డిస్కులో ఉంది, కొత్త విన్ఆర్ఈ పనిచేస్తోంది, రికవరీ యూఎస్‌బీ ఉంది. అప్పుడు చెరిపాం. ఈ 14 జీబీ డీకి సరిగ్గా కుడిపక్కన ఉంది కాబట్టి, డీ వాల్యూమ్‌ను ఎంచుకుని ‘ఎక్స్‌టెండ్’ అనగానే డీలో కలిసిపోయింది. వారంటీలో ఉన్న మిషన్ అయితే, లేదా మిషన్‌ను వేరొకరికి అమ్మే ఆలోచన ఉంటే, ఈ పార్టిషన్‌ను తాకకూడదనే మా అభిప్రాయం.

ఆరో రోజు: తాకకుండా వదిలినవి

మొదటి 499 ఎంబీ చచ్చిన పార్టిషనే. చెరిపినా లాభం లేదు. దానికీ సీకీ మధ్య ఈఎఫ్‌ఐ, ఎమ్మెస్సార్ ఉన్నాయి, ఆ ఖాళీ సీకి ఎప్పటికీ చేరదు. మూడో రోజుకు ముందే దాన్ని చెరిపి ఉంటే ఇంకో చిక్కు: డిస్కులో రెండు ఖాళీలు ఉన్నప్పుడు సైజు చెప్పకుండా ‘క్రియేట్’ అంటే కొత్త పార్టిషన్ ఎక్కడ పడుతుందో మన చేతిలో ఉండదు. ఉన్నచోట ఉండనిచ్చాం.

సీని డీ నుంచి పెంచే పని కూడా మానుకున్నాం. సీకి కుడిపక్కన ఇప్పుడు 1030 ఎంబీ రికవరీ, దాని వెనక డీ. చోటు కావాలంటే డీ ఎడమ అంచును కుడివైపుకు జరపాలి. అది విండోస్‌కు రాదు. జీపార్టెడ్ అనే లినక్స్ పార్టిషన్ పరికరంతో కుదురుతుంది, కానీ డీలో ఉన్న ప్రతి బైటునూ చదివి కొత్త చోట రాయాలి. తిరిగే డిస్కు మీద అది చాలా గంటల పని, మధ్యలో కరెంటు పోతే డేటా గల్లంతు. దానికి బదులు డౌన్‌లోడ్స్, వీడియోస్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో ‘లొకేషన్’ మార్చి డీకి తరలించాం. సీలో 41 జీబీ ఖాళీ అయింది.

రేపు ఈ డిస్కును ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేస్తే, ముందు రీఏజెంట్‌సీ /డిజేబుల్, కొత్త డిస్కులో బూట్ అయ్యాక /ఎనేబుల్. రీఏజెంట్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో డిస్కు గుర్తింపు సంఖ్య, పార్టిషన్ ఆఫ్‌సెట్ రాసి ఉంటాయి. క్లోన్‌లో అవి మారితే విన్ఆర్ఈ దారి తప్పుతుంది.

ఇప్పటి వరుస: 499 ఎంబీ, 100 ఎంబీ, 16 ఎంబీ, సీ 199.5 జీబీ, రికవరీ 1030 ఎంబీ, డీ 730 జీబీ. కొత్త వరుసతో ఎస్‌జీడిస్క్ బ్యాకప్ మళ్లీ తీసి, పాత 17,920 బైట్ల ఫైలు పేరు చివర ‘పాతది’ అని చేర్చాం. తర్వాతి పెద్ద అప్‌గ్రేడ్ అయిన రోజే మళ్లీ లిస్ట్ పార్టిషన్, రీఏజెంట్‌సీ /ఇన్ఫో.